ఉద్యోగం వెతకడానికి మనిషిని పెట్టుకున్నాను: ఎనిమిది నెలల అనుభవం

"ఉజ్జోగం ఎతకడానికి మళ్లీ ఒక ఉజ్జోగస్తుణ్ని పెట్టుకున్నావేట్రా" అని మా అమ్మ నవ్వింది. నవ్వదా మరి! ఆయనకి నెలకు 3,500, నేను కొత్త ఉద్యోగంలో జాయినయ్యాక పదిహేను రోజుల జీతం.

అప్పటికి నేను పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో ఉన్నాను. శ్రీకాకుళం నుంచి కంపెనీ బస్సు. బి షిఫ్ట్ అయితే ఇల్లు చేరేసరికి పదకొండు దాటేది. ల్యాబ్‌లోకి ఫోన్ రానివ్వరు, కన్సల్టెన్సీ కాల్స్ అన్నీ నేను లోపల ఉన్నప్పుడే వచ్చేవి. నౌకరీ ప్రొఫైల్ ముట్టుకుని ఏడాది దాటింది. అందుకే ఇవన్నీ చూడ్డానికి ఒకాయన్ని పెట్టుకున్నాను.

ఆయనది విజయనగరం, ఒకప్పుడు హెచ్‌ఆర్. మొదటి ఆదివారం మయూరి జంక్షన్ దగ్గర టీ కొట్టులో రెండు గంటలు కూర్చోబెట్టాడు. నా రెజ్యూమెలో "హెచ్‌పీఎల్‌సీ తెలుసు" అని ఒక్క ముక్క ఉంది, అంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం. "ఎంపవర్ మీదా, క్రోమెలియన్ మీదా? ఓఓఎస్ వస్తే ఇన్వెస్టిగేషన్ మీరు రాశారా, సంతకమేనా? ఎఫ్‌డీఏ ఆడిట్‌లో మీరు జవాబు చెప్పారా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. (ఎంపవర్, క్రోమెలియన్ ఆ యంత్రం సాఫ్ట్‌వేర్లు; ఓఓఎస్ అంటే పరీక్ష ఫలితం హద్దు దాటడం; ఎఫ్‌డీఏ అమెరికా మందుల నియంత్రణ సంస్థ.) ఆరేళ్ల పని పేజీన్నరకు వచ్చింది. ఇచ్చిన డబ్బులో సగం ఆ రెండు గంటలకే చెల్లు.

మూడో నెలలో కొంప ముంచాడు. కంపెనీ పేరు లేని ఒక ప్రకటనకు నన్నడక్కుండా రెజ్యూమె పంపేశాడు. తీరా అది మా కంపెనీయే! హెచ్‌ఆర్ మేడమ్ పిలిచి, ప్రింట్ టేబుల్ మీద పెట్టి, "బాగా రాశారండి" అన్నారు. ఏసీ గదిలో చెమటలు. ఆ రోజు నుంచి నేను వాట్సాప్‌లో "సరే" అననిదే ఏదీ పంపకూడదని తేల్చి చెప్పాను. మెయిల్ పాస్‌వర్డ్ కూడా అడిగాడు గానీ ఇవ్వలేదు, ఈ పనికే వేరే మెయిల్ తెరిచాను.

మొత్తం ఐదు ఇంటర్వ్యూలు, రెండు ఆఫర్లు. ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాను. జీతం బేరం మాత్రం నేనే ఆడుకున్నాను. వచ్చినదానికి ఒప్పేసుకోమనేవాడు, బేరం చెడితే ఆయన పదిహేను రోజులూ పోతాయి కదా.

సోంపేట వైపు మా బావ వెల్డరు, గల్ఫ్‌కి ఈయన నంబరు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. బయటి దేశానికి పంపేవాళ్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సుండాలి, ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోమన్నాను. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న తమ్ముడికీ వద్దనే చెప్పాను. వాడికి పగలంతా ఖాళీయే, గుచ్చి అడగడానికి ఆరేళ్ల పనీ లేదు.