ఓబో రీడ్: షాపుదా, చేత్తో చేసిందా, ప్లాస్టిక్‌దా?

ఆగస్టులో స్కూళ్ళు తెరిచారంటే చాలు, డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువాళ్ళ నుంచి నాకు ఒకటే ప్రశ్న: "అన్నా, ఓబోకి మీరు ఏ రీడ్ కొంటున్నారు?" ఓబో అంటే మన సన్నాయిలా ఊదే వాద్యం, దాని కొసన పెట్టి ఊదే పీకే రీడ్. మా అమ్మాయి ఆరో క్లాసులో ఓబో పట్టుకుంది, ఇప్పుడు తొమ్మిదో క్లాసు. నాకు వాయించడం రాదు, నేనూదితే బాతు గొంతు నొక్కినట్టు ఉంటుంది. కానీ ఈ మూడేళ్ళలో రీడ్లకి పోసిన డబ్బు లెక్కేసుకుంటే, నాలుగు మాటలు చెప్పే హక్కు నాకూ ఉందనిపిస్తుంది.

అందరూ మొదట అడిగేది "సాఫ్ట్ కొనాలా, మీడియమ్ సాఫ్టా?" అని. రీడ్ ఎంత గట్టిదో చెప్పే ఆ ముద్రని మరీ పట్టించుకోకండి. దానికి అందరూ ఒప్పుకున్న కొలతేమీ లేదు, ఒకరి మీడియమ్ ఇంకొకరికి మీడియమ్ హార్డ్. నేను చూసేది ఒక్కటే: పిల్ల పెదాలతో బిగించకుండానే శృతి నిలబడుతోందా లేదా. శబ్దం తియ్యగా ఉందా, ఎన్నాళ్ళు మన్నుతుంది, ధరెంత, అన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే క్లారినెట్ పిల్లలకి శృతి ఎక్కువైతే బ్యారెల్, అంటే పైనున్న పొట్టి గొట్టం, కాస్త బయటికి లాగుతారు, సరిపోతుంది. ఓబోకి ఆ వెసులుబాటు దాదాపు లేదు. రీడ్‌ని బయటికి లాగితే లోపల సందు ఏర్పడి కొన్ని స్వరాలు వణుకుతాయి. అంటే వాద్యం ఎన్ని వేల డాలర్లదైనా దాని శృతి చాలావరకు ఆ ఏడు సెంటీమీటర్ల రీడ్ చేతిలోనే ఉంది. పైగా ఆర్కెస్ట్రాలో అందరూ శృతి చేసుకునేది ఓబో ఇచ్చే 'ఎ' (A) అనే స్వరానికి. నలభై మంది మన పిల్ల వైపే చూస్తుంటారు, ఇంక టెన్షన్ చెప్పక్కర్లేదు.

షాపులో ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి అమ్మే రీడ్లు 15, 20 డాలర్లకి వస్తాయి. కొత్త పిల్లలకి తేలిగ్గా పలకాలని వీటిలో చాలావాటి రేకుల్ని బాగా పల్చగా గీకేసి పంపుతారు. పలకడం బాగానే పలుకుతుంది, కానీ శృతి కిందికి జారుతుంది. శృతి చూపించే ట్యూనర్ ముల్లు ఎడమకి వాలగానే పిల్ల ఏం చేస్తుంది? కొరుకుతుంది. కొరికితే శృతి పైకొస్తుంది, దాంతోపాటు రీడ్ నోరు మూసుకుపోతుంది, శబ్దం పీలగా అవుతుంది, పది నిమిషాలకే "నాన్నా, పెదాలు మండుతున్నాయి" అని వాద్యం పక్కన పెట్టేస్తుంది. మా ఇంట్లో ఆరో క్లాసంతా ఇదే కథ. బద్ధకం అనుకుని నేను కేకలేశాను కూడా. ఏడులో టీచర్ ఒక మంచి రీడ్ ఇస్తే శృతి అమాంతం పైకి ఎగిరిపోయింది, ఎందుకంటే కొరికే అలవాటు పోలేదు. అది మానిపించడానికి దాదాపు ఏడాది పట్టింది. రీడ్ల మీద మిగిల్చిన డబ్బంతా, ఇంకాస్త కలిపి, ప్రైవేటు క్లాసులకి కట్టాను.

అలాగని షాపు రీడ్లన్నీ దండగని కాదు. వాటిలోనూ బాగా కుదిరినవి తగులుతాయి, కాకపోతే అదృష్టం. మొదటి రెండు నెలలు పిల్లలు రీడ్‌ని పళ్ళకి కొడతారు, స్వెట్టర్ చేతికి తగిలించి కొసలు విరగ్గొడతారు. ఆ రెండు నెలలకీ 30 డాలర్ల రీడ్ ఇవ్వడం నాకూ మనసొప్పదు. ఆ తర్వాత మాత్రం మార్చేయండి.

చేత్తో చేసినవి 25, 30 డాలర్లు, కొందరివి అంతకంటే ఎక్కువ. చేసేవాళ్ళు తామే వాయిస్తారు కాబట్టి పంపేముందు ఊది చూస్తారు, మీరు ఎక్కువ ఇస్తున్నది దానికే. అయితే ఎవరో ఒకరి దగ్గర కొనేయడం కాదు. ఆర్డర్‌తోపాటు పిల్ల ఎన్నేళ్ళుగా వాయిస్తోంది, మీ ఊరు ఎంత ఎత్తులో ఉంది రాయండి. డెన్వర్ లాంటి ఎత్తైన చోటికీ మన డాలస్‌కీ ఒకే రీడ్ ఒకేలా పలకదు. యూనివర్సిటీలో ఓబో చదివే స్టూడెంట్లు కూడా చేసి అమ్ముతారు, కాస్త చవక. అన్నిటికన్నా మేలు పిల్లకి పాఠం చెప్పే టీచరే చేసిస్తే. శృతి తక్కువుందంటే అక్కడికక్కడే కొసని వెంట్రుకవాసి కత్తిరిస్తారు, శృతి పైకొస్తుంది. ఈ పని ఏ షాపువాడూ, పోస్టులో పంపేవాడూ చెయ్యలేడు.

రీడ్ ఇంటికి రాగానే వంటగదిలో నేను చేసే తంతు ఇది. ముందు ఎండుగా ఉన్నప్పుడే దీపానికి ఎదురుగా పట్టి చూస్తాను. కొస పల్చగా వెలుగు కనబడాలి, దాని వెనక గుండె భాగం కాస్త చీకటిగా ఉండాలి, కుడి ఎడమలు ఒకేలా ఉండాలి, మూలలు చిట్లకూడదు. తర్వాత చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, రెండు మూడు నిమిషాలు, అంతకన్నా నానబెడితే నోరు మరీ తెరుచుకుంటుంది. కార్క్ వైపు, అంటే వాద్యంలో గుచ్చే వైపు, రంధ్రాన్ని వేలితో మూసి మెల్లగా ఊదితే పక్కల నుంచి బుడగలు రాకూడదు. వస్తే గాలి కారుతోందన్నమాట. కింద చుట్టిన దారం దగ్గరైతే పల్చటి టెఫ్లాన్ టేపు చుట్టి నడిపించొచ్చు, పైన గీకిన భాగంలో అయితే వాపసు పంపడమే.

ఆ తర్వాతే అసలు పరీక్ష. రీడ్‌ని వాద్యానికి పెట్టకుండా, పెదాలు దారం దాకా వచ్చేలా నోట్లో పెట్టుకుని, బిగించకుండా ఊదాలి. కాకి అరిచినట్టు ఒక గోల వస్తుంది. ఇంగ్లిష్‌లోనూ దీన్ని క్రో అనే అంటారు. ఫోన్లో ట్యూనర్ పెట్టి చూడండి. అమెరికన్ పద్ధతి రీడ్‌కి అది సి స్వరం, అంటే మన లెక్కలో ఒకటి శృతి, పై సి, కింది సి రెండూ కలిసి పలకాలి. బి దగ్గరో ఇంకా కిందో పలికితే పిల్ల ఆ రీడ్‌ని కొరుక్కుంటూ బతకాల్సిందే. ఇది నేర్చుకోవడానికి వాయించడం రానక్కర్లేదు, నాకే వచ్చిందంటే చూడండి. చివరగా పిల్లని కింది డి, సి మెల్లగా మొదలుపెట్టమనండి, ఆపైన కింది ఇ నుంచి పై ఇ కి పెదాలు కదపకుండా వెళ్ళమనండి. పైది కుంగిపోతే వద్దు.

ప్లాస్టిక్ రీడ్ గురించీ అడుగుతున్నారు. లెజేర్ అనే కంపెనీ వాళ్ళది ఒక్కటే 150 డాలర్ల పైమాటే. నానబెట్టక్కర్లేదు, హీటర్ గాలికి ఎండిపోదు, నెలల తరబడి నడుస్తుంది. మామూలు రీడ్ గట్టిగా పదీ పదిహేను గంటల వాయింపుకే చప్పబడుతుంది కాబట్టి లెక్కలో ఇదేం ఖరీదు కాదు. మా టీచర్‌కి ఇష్టం లేదు, నేనూ కొనలేదు. ఊరూరా ప్రోగ్రాములకి తిరిగే పెద్ద పిల్లలకి ఒకటి సంచిలో ఉంటే మంచిదేమో. కొనేటప్పుడు అమెరికన్ రకమా, యూరోపియన్ రకమా చూసుకోండి, రెండూ ఉన్నాయి.

యూరోపియన్ రీడ్లు అమెరికాలో ఉన్నవాళ్ళకి వద్దు, అంతే. గీకే తీరే వేరు, పై చెప్పిన సి లెక్క వాటికి నప్పదు, టీచర్ చెప్పే ఊదే పద్ధతికీ కుదరదు. లండన్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు కూతురికి మాత్రం అదే సరైంది. ఇంట్లో మనమే చేసుకోవడమంటారా, కత్తులు, మాండ్రెల్ (చేసేటప్పుడు రీడ్ గొట్టాన్ని గుచ్చి పట్టుకునే కడ్డీ), ఏళ్ళ సాధన. పిల్ల కాలేజీలో ఓబో చదువుతానంటే అప్పుడు చూద్దాం.

మన పెళ్ళిళ్ళలో సన్నాయి వాద్యానికి దారంతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి, గమనించారా? ఒకటి మొరాయిస్తే ఇంకొకటి. ఓబోకీ అంతే, ఎప్పుడూ మూడు తిప్పుతూ వాడాలి. మా అమ్మాయి కార్క్ మీద పెన్నుతో తేదీ రాసుకుంటుంది. ప్రస్తుతం డబ్బాలో టీచర్ చేసినవి రెండు, పోస్టులో తెప్పించింది ఒకటి ఉన్నాయి. షాపు రీడ్ కూడా ఒకటి బ్యాగ్ పై జేబులో ఉంది, ఎవరైనా తోటి పిల్ల రీడ్ విరగ్గొట్టుకుంటే ఇవ్వడానికి.