మూడు నెలలు సీడీ విని ఎస్‌ఏసీడీ అని మురిసిపోయాను

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను, ఏ డిస్క్ గొప్పదో తర్వాత మాట్లాడుకుందాం. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కన్నా ఎక్కువ డేటాతో పాటని దాచే డిస్క్) ప్లేయర్ కొన్నాను. అమ్మినాయన దగ్గరే ఒక డిస్క్ వేసి విన్నాను, బ్రహ్మాండంగా మోగింది, డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఇంటికొచ్చిన ప్రతివాణ్నీ సోఫాలో కూర్చోబెట్టి "విన్నావా, సింబల్ మోగాక ఆ శబ్దం ఎంత నెమ్మదిగా ఆరిపోతోందో, సీడీలో ఇది రాదు" అని ఒకటే ఊదరగొట్టాను. పాపం వాళ్లు కూడా తలూపారు.

ఒకరోజు సీడీ లేయర్ లేని, ఒట్టి ఎస్‌ఏసీడీ డిస్క్ ఒకటి చేతికొచ్చింది. ట్రేలో పెడితే కాసేపు గిర్రున తిరిగి, రెండుసార్లు టిక్కుటిక్కుమని "నో డిస్క్" అంది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. మామూలు సీడీ పెడితే శుభ్రంగా పాడుతోంది. అప్పుడు చూశాను, ప్లేయర్ ముఖం మీద ఎస్‌ఏసీడీ అని రాసి దాని పక్కనే ఒక చిన్న లైటు ఉంది. ఈ మూడు నెలల్లో అది వెలగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

జరిగింది ఇదీ. అప్పటిదాకా నేను వేసినవన్నీ హైబ్రిడ్ ఎస్‌ఏసీడీలు, వాటిలో రెండు లేయర్లు, అంటే పొరలు, ఉంటాయి. ఒకటి మామూలు సీడీ లేయర్, దాన్ని 780 నానోమీటర్ల లేజర్ చదువుతుంది. ఇంకోటి ఎక్కువ డేటా పట్టే లేయర్, దానికి డీవీడీలో వాడే 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి. నా ప్లేయర్‌లో ఆ ఎర్ర లేజర్ ముసలిదైపోయింది. ఆ రెండో లేయర్ చదవలేక ప్లేయర్ చప్పుడు చేయకుండా సీడీ లేయర్ వాయించేసేది. అంటే నేను అంత పొగిడిందంతా 1982 నుంచి ఉన్న 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో రాసే) సీడీనే అన్నమాట!

లేజర్ యూనిట్ మార్పించాక లైటు వెలిగింది. ఇప్పుడు పోలికైనా సరిగ్గా చేద్దామని కూర్చున్నాను. ఒకే హైబ్రిడ్ డిస్క్, ఒకే పాట, రెండు లేయర్లూ. మొదటిసారి తేడా ఇట్టే తెలిసిపోయింది, అదీ సీడీ లేయరే బాగుందనిపించింది! కారణం ఏమీ లేదు, అది కాస్త గట్టిగా మోగుతోంది. చాలా ప్లేయర్లలో ఎస్‌ఏసీడీ లేయర్ కొంచెం తక్కువ వాల్యూమ్‌లో వస్తుంది, మన చెవికేమో గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ సమానం చేయకుండా ఎవరైనా "నేల, నింగి తేడా" అని రాస్తే అక్కడే చదవడం ఆపేయొచ్చు. సమానం చేసి, నాకు తెలియకుండా ఫ్రెండ్‌తో లేయర్లు మార్పించాను. నా జవాబులు సగానికి కాస్త అటూ ఇటూ వచ్చాయి, దానికి నాణెం ఎగరేసినా సరిపోయేది. ఇంకో తలనొప్పి ఏంటంటే లేయర్ మార్చిన ప్రతిసారీ ప్లేయర్ డిస్క్‌ని మళ్లీ మొదట్నుంచి చదువుకుంటుంది, ఆ కొన్ని సెకన్లలో ముందు విన్నది కాస్తా చెవిలోంచి జారిపోతుంది.

నా చెవులే అంతంతమాత్రం అనుకోకండి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితాలు వేశారు. ఎస్‌ఏసీడీ, దానికి పోటీగా వచ్చిన డీవీడీ ఆడియో ప్లేయర్ల నుంచి వచ్చే సిగ్నల్‌ని మధ్యలో 16 బిట్ 44.1కి దించి వినిపిస్తే, మామూలు వాల్యూమ్‌లో ఎవరూ కనిపెట్టలేకపోయారు. వాల్యూమ్ విపరీతంగా పెంచి, సంగీతం లేని నిశ్శబ్దంలో వింటే మాత్రం నాయిస్ తేడా తెలిసింది. రెండో వైపు కూడా చెప్పాలి కదా. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన రైస్ అనే పరిశోధకుడు ఇలాంటి ప్రయోగాలు చాలా కలిపి లెక్కేస్తే 52.3 శాతం సరైన జవాబులు తేలాయి, ముందుగా శిక్షణ ఇచ్చినవాళ్లలో 60 శాతం దాటాయి. తేడా బొత్తిగా లేదని కాదు, ఉన్నదేదో గింజంత.

మరి ఈ డిస్కులు ఎందుకు కొనాలి? మాస్టరింగ్ (రికార్డింగ్‌ని డిస్క్ కోసం చివరగా సర్దే పని) కోసం, స్పీకర్ల సంఖ్య కోసం. ఎస్‌ఏసీడీ కొనేవాళ్లు కూర్చుని శ్రద్ధగా వింటారని కంపెనీలకు తెలుసు కాబట్టి, చాలాసార్లు పాత టేపుల్ని మళ్లీ జాగ్రత్తగా మాస్టర్ చేసి వేస్తారు. అదే ఆల్బమ్ మామూలు సీడీలో, అన్ని వాయిద్యాలూ ఒకే ఎత్తుకి నొక్కేసి, ఎక్కడ విన్నా గోలగా ఉండేట్టు వచ్చి ఉండొచ్చు. కొన్ని హైబ్రిడ్ డిస్కుల్లో రెండు లేయర్లకీ మాస్టరింగే వేరు, అలాంటి డిస్క్‌తో ఫార్మాట్‌ని పోల్చడమంటే ఇద్దరు వంటవాళ్ల పప్పు రుచి చూసి గిన్నె గొప్పదనం తేల్చినట్టే.

ఇక ఒక్కోదాని సంగతి. ఎస్‌ఏసీడీని సోనీ, ఫిలిప్స్ 1999లో తెచ్చాయి. ఇందులో వాడే డీఎస్‌డీ పద్ధతిలో సెకనుకి 28 లక్షల 22 వేల 400 శాంపిళ్లు, ఒక్కోటి ఒకే బిట్. సీడీ శాంపిలింగ్ రేటుకి సరిగ్గా 64 రెట్లు. ఈ అంకె చూసి నోరెళ్లబెట్టేవాళ్లకి ఎవరూ చెప్పనిది ఏంటంటే, ఒక్క బిట్‌తో పని చేయాలి కాబట్టి బోలెడంత నాయిస్ పుడుతుంది, దాన్ని మనకు వినిపించని 20 కిలోహెర్ట్జ్ పైకి నెట్టేస్తారు. పైగా డీఎస్‌డీలో ఎడిటింగ్ నరకం, వాల్యూమ్ ఒక పిసరు మార్చాలన్నా ఒక బిట్‌తో కుదరదు. అందుకే చాలా ఎస్‌ఏసీడీలు స్టూడియోలో పీసీఎమ్‌గా (సీడీలో వాడే పద్ధతి) తయారై చివర్లో డీఎస్‌డీ చొక్కా తొడుక్కున్నవే. మన ఇంట్లో స్పీకర్లని నడిపే రిసీవర్ కూడా స్పీకర్ దూరాలు, బాస్ సర్దడానికి దాన్ని తరచుగా మళ్లీ పీసీఎమ్ చేసేస్తుంది. "స్వచ్ఛమైన డీఎస్‌డీ" అంటూ మురిసిపోయేవాళ్లు తమ రిసీవర్ సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడాలి.

అయినా ఎస్‌ఏసీడీ అంటే నాకు ఇష్టమే, ముఖ్యంగా హైబ్రిడ్. పెట్టగానే పాడుతుంది, టీవీ అక్కర్లేదు, ఇంకో గదిలోని పాత సీడీ ప్లేయర్‌లో వేసినా సీడీలా పాడేస్తుంది. అదే గుణం నన్ను మూడు నెలలు వెర్రివాణ్ని చేసింది, అది వేరే విషయం. చిరాకు పెట్టేది కేబుళ్ల గొడవ. కోయాక్సియల్, ఆప్టికల్ అవుట్‌లలో ఎస్‌ఏసీడీ లేయర్ బయటికి రాదు. కాపీ చేస్తారని అంత భయం వాళ్లకి. అనలాగ్ కేబుళ్లు కావాలి, మల్టీచానల్ (రెండు కన్నా ఎక్కువ స్పీకర్లకి) అయితే ఆరు. లేదంటే హెచ్‌డీఎమ్‌ఐ, అదీ ఎస్‌ఏసీడీ లేయర్‌ని డీఎస్‌డీగానో, పీసీఎమ్‌గా మార్చో పంపే ప్లేయర్, దాన్ని తీసుకునే రిసీవర్ రెండూ ఉంటేనే.

డీవీడీ ఆడియో 2000లో వచ్చింది. కాగితం మీద ఇదే నెగ్గాలి. స్టీరియోలో 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ వరకు, 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) 24 బిట్ 96 వరకు. వాడకంలో మాత్రం నీరసం. డిస్క్ పెడతారు, ఏమీ మోగదు. టీవీ ఆన్ చేస్తే అక్కడ ఒక మెనూ, అందులో స్టీరియోనా సరౌండా అని ఒక ప్రశ్న, కింద నలుపు మీద ముదురు నీలంలో బాణం గుర్తు. లైట్లార్పి పాటలు విందామనుకున్న మూడ్ అక్కడే పోతుంది. మామూలు డీవీడీ ప్లేయర్‌లో వేస్తే దాని అసలు భాగం కనబడనే కనబడదు, పక్కన పెట్టిన, సినిమాల్లో వాడే కుదించిన శబ్దం, డాల్బీ డిజిటలో డీటీఎస్సో, వినిపిస్తుంది. ఎప్పుడైనా సినిమా డీవీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ఆడియో_టీఎస్ అని ఒక ఖాళీ ఫోల్డర్ కనిపించేది గుర్తుందా? అది డీవీడీ ఆడియో కోసం కట్టిన గది. అద్దెకి ఎవరూ రాలేదు.

డ్యూయల్‌డిస్క్ అని 2004లో ఇంకో వింత. ఒకవైపు సీడీ, రెండోవైపు డీవీడీ. సీడీ వైపు ప్రమాణాలకి సరిపోక కొన్ని ప్లేయర్లు అసలు తీసుకోవు, డిస్క్‌ని నోట్లోకి లాక్కునే రకం ప్లేయర్లలో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. దాని జోలికి పోకండి. ఎస్‌హెచ్‌ఎమ్ సీడీ లాంటివి హై రిజల్యూషన్ కానే కాదు. ప్లాస్టిక్ వేరు, లోపల ఉన్నది సీడీయే.

బ్లూ-రే ఆడియో విషయానికొస్తే, ఈ రోజు మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఒక లేయర్‌కి 25 జీబీ, ఎస్‌ఏసీడీ 4.7 జీబీతో పోలిస్తే మైదానమంత చోటు. 24 బిట్ 192 స్టీరియో, దాని పక్కనే 5.1, కొన్నిట్లో అట్మాస్ (తల పైన కూడా స్పీకర్లు వాడే సరౌండ్), అన్నీ ఒకే డిస్క్‌లో. ప్లేయర్ ప్రత్యేకమైంది అక్కర్లేదు, సినిమాలు చూసే మామూలు బ్లూ-రే ప్లేయర్, ఒక హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ చాలు. ప్యూర్ ఆడియో అని వచ్చే వాటిలో టీవీ ఆన్ చేయకుండానే రిమోట్ మీది రంగు బటన్లతో స్టీరియో, సరౌండ్ మార్చుకోవచ్చు. ఇంకో సరదా సంగతి, బ్లూ-రేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీకి మూలం డీవీడీ ఆడియో కోసం మెరిడియన్ అనే కంపెనీ చేసిన ఎమ్ఎల్‌పీ అనే కంప్రెషనే. ఓడిపోయిన ఫార్మాట్ ఇలా దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి వచ్చిందన్నమాట. లోటు ఒకటే, టైటిళ్లు తక్కువ. క్లాసికల్ వినేవాళ్లకి ఎస్‌ఏసీడీలోనే ఇంకా చాలా ఎక్కువ దొరుకుతాయి.

నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. రెండు స్పీకర్లతో వినడానికైతే ఏ మాస్టరింగ్ బాగుందో కనుక్కుని, అది మామూలు సీడీ అయినా సరే అదే కొంటున్నాను. వెనకాల స్పీకర్లు కూడా ఉన్న గదికైతే బ్లూ-రే, అందులో దొరక్కపోతే మల్టీచానల్ ఎస్‌ఏసీడీ. డీవీడీ ఆడియో మాత్రం నాకు కావలసింది ఇంకెక్కడా లేకపోతేనే.

ఎస్‌ఏసీడీ ప్లేయర్ సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే హైబ్రిడ్ డిస్క్‌తో టెస్ట్ చేయకండి. సీడీ లేయర్ లేని డిస్క్ ఒకటి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు ఎంత మాట్లాడినా సరే, ముందు అది పెట్టి ఆ చిన్న లైటు వెలిగిందో లేదో చూడండి.