ఆర్థర్ సి. క్లార్క్ నవలలు: ఏది ముందు చదవాలి, ఏది వదిలేయాలి

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే మాటలు తిరిగి తిరిగి రెండు తగవుల దగ్గరకే వస్తాయి. ఆయన నవలల్లో మొదటి పీట దేనికి వేయాలన్నది ఒకటి. ఆయనకు మనుషులను చిత్రించడం చేతనైందా లేదా అన్నది రెండోది. మొదటి తగవులో ‘రాండెవూ విత్ రామా’ పక్షాన కొందరు, ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ పక్షాన కొందరు గట్టిగా నిలబడతారు. రెండోదానికి వచ్చేసరికి అభిమానులే సగం తగ్గిపోయి, పాత్రలు పలచనే గానీ ఆలోచనలు గొప్పవి కదా అని సర్దిచెబుతారు. ఈ సర్దుబాటుతో నాకు పేచీ ఉంది. క్లార్క్ మంచి నవల దేన్ని తీసుకున్నా అందులో ప్రధాన పాత్ర ఒక చోటో, ఒక కట్టడమో అయి ఉంటుంది. మనిషి ఆ చోటి కొలతలు మనకు అందించడానికి వస్తాడు. అది లోపమవుతుందా కాదా అన్నది నవలను బట్టి మారుతుంది కనుక ఒక్కొక్కదాన్ని విడిగా చూడవలసిందే.

1973లో వచ్చిన ‘రాండెవూ విత్ రామా’ కథ చెప్పడం తేలిక. 2077లో ఒక ఉల్క ఉత్తర ఇటలీ మీద పడి పాడువా, వెరోనా నగరాలను తుడిచిపెట్టడంతో, అలాంటి ముప్పును ముందే పసిగట్టేందుకు స్పేస్‌గార్డ్ అనే వ్యవస్థ ఏర్పడుతుంది. 2131లో ఆ వ్యవస్థకు కనిపించిన కొత్త వస్తువుకు ఖగోళ శాస్త్రజ్ఞులు రామా అని పేరు పెడతారు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే అయిపోయి హిందూ దేవతల దాకా వచ్చారన్నమాట. దాన్ని దగ్గరగా చూసి రమ్మని అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ నుంచి పంపిన మానవరహిత నౌక పేరు సీత. ఇక్కడ తెలుగు పాఠకుడు చిన్నగా నవ్వుకుంటాడు గానీ, పురాణంతో క్లార్క్‌కు ఉన్న పని అంతటితో సరి. సీత పంపిన చిత్రాల్లో తేలేది గ్రహశకలం కాదు, యాభై కిలోమీటర్లకు పైగా పొడవు, ఇరవై కిలోమీటర్ల వ్యాసం ఉండి, నాలుగు నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరిగే, పీపాలాంటి నున్నటి స్థూపం. ఎండెవర్ అనే నౌకతో కమాండర్ నార్టన్ అక్కడికి చేరుకుంటాడు.

ఆ తర్వాత నవలంతా రామా లోపలే సాగుతుంది. స్థూపం అక్షం దగ్గర బరువు లేదు. మెట్లు దిగేకొద్దీ బరువు పెరుగుతుంది. కటిక చీకట్లో నార్టన్ ఒక వెలుగుగుండు వదిలినప్పుడు, కింద నేల అనుకున్నదే పక్కల నుంచి వంపు తిరుగుతూ పైకి వెళ్లి తలమీద కప్పుగా కలుస్తుంది. స్థూపం నడుముకు పట్టీ కట్టినట్టు ఒక సముద్రం, గడ్డకట్టి ఉంటుంది. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ వేడి బయటి పెంకు నుంచి లోపలికి వస్తుంది కనుక ఆ మంచు అడుగు నుంచి కరగడం మొదలుపెడుతుంది. పెంకు దగ్గర వేడెక్కిన గాలి అక్షం వైపు లేస్తే తుఫాను తప్పదని లెక్క తేలుతుంది, తేలినట్టే తుఫాను వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ సముద్రపు ఒడ్డు. ఉత్తరాన ఒడ్డుగోడ ఎత్తు 50 మీటర్లు, దక్షిణాన 500 మీటర్లు. కట్టినవాళ్లకు ఈ తేడా ఎందుకు అవసరమైంది? రామా ఎప్పుడైనా వేగం పుంజుకుంటే నీళ్లు దక్షిణం వైపు ఎగదన్నుతాయి కాబట్టి. అంటే ఈ వస్తువుకు చోదకశక్తి ఉంది, అది ఏ దిక్కుకు కదులుతుందో కూడా తేలిపోయింది. ఒక్క గోడ ఎత్తు నుంచి ఇంత రాబట్టడంలో ఉన్న సుఖం అపరాధ పరిశోధన నవల సుఖంలాంటిదే, కాకపోతే ఇక్కడ నేరం లేదు, నేరస్థుడు అసలే లేడు.

మరి మనుషుల సంగతి? నార్టన్‌కు రెండు సంసారాలు, ఒకటి భూమి మీద, ఒకటి అంగారకుడి మీద. ఇద్దరు భార్యలకూ ఒకే సందేశాన్ని రికార్డు చేసి పంపిస్తాడు. మరొక రచయిత చేతిలో ఇది పది అధ్యాయాల వ్యవహారమయ్యేది. క్లార్క్ రెండు ముక్కల్లో చెప్పి మళ్లీ మెట్ల దగ్గరకు వెళ్లిపోతాడు. ఫిర్యాదు చేసేవాళ్లు ఈ చోటునే వేలెత్తి చూపిస్తారు. నాకైతే అది సరైన నిర్ణయమనే అనిపిస్తుంది. రామా మనుషులను పట్టించుకోదు. వచ్చిన పని చూసుకుని తన దారిన తాను పోతుంది. మనిషి అంత చిన్నవాడని చెప్పదలచిన నవలలో మనిషి కాపురాన్ని పెద్దది చేసి చూపిస్తే నవల తన మాటను తానే కాదన్నట్టవుతుంది.

ఈ మాటకు సాక్ష్యం బయట వెతకనక్కర్లేదు, తర్వాత వచ్చిన మూడు రామా నవలలే ఉన్నాయి. 1989 నుంచి 1993 వరకు జెంట్రీ లీతో కలిసి క్లార్క్ పేరు మీద వచ్చిన ఈ సీక్వెల్‌లలో రాత ఎక్కువ భాగం లీదే. వాటిలో మనుషులు నిండుగా ఉన్నారు. ప్రేమలు, అసూయలు, కాన్పులు, వారసుల గొడవలు, దేనికీ కొదవలేదు. మొదటి నవలలో లేదని అందరూ ఫిర్యాదు చేసినదంతా ఇక్కడ దొరుకుతుంది, దొరికాక ఎందుకు అడిగామా అనిపిస్తుంది. రామాను ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న ప్రశ్నలకు జవాబులు వచ్చేకొద్దీ ఆ స్థూపం మామూలు ఓడగా మారిపోతుంది. వీటిని ఇష్టపడే అభిమానులూ ఉన్నారు, వాటిలోని ప్రధాన పాత్ర నికోల్ కోసం చదవమంటారు. నేను మాత్రం డబ్బు ఖర్చు పెట్టవద్దనే చెబుతాను. రామావాసులు ఏ పనైనా మూడేసి సార్లు చేస్తారన్న ఆఖరి మాట దగ్గర మొదటి నవలను మూసేయడం మేలు.

‘ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్’ (1979) విషయంలో మనుషులు లేరన్న ఫిర్యాదు నిలవదు. క్లార్క్ 1956 నుంచి 2008లో మరణించేవరకు శ్రీలంకలోనే ఉన్నాడు, ఆ దేశం మీద ఆయనకున్న మమకారమంతా ఈ నవలలో కనిపిస్తుంది. కథ జరిగే తాప్రొబానీ ద్వీపం దాదాపుగా శ్రీలంకే. భూమధ్యరేఖ మీదికి రావాలని రచయిత దాన్ని 800 కిలోమీటర్ల దక్షిణానికి జరిపాడు. సిగిరియా రాతికోట యక్కగల అయింది, శ్రీపాద శిఖరం శ్రీకంద అయింది, తండ్రిని చంపి గద్దెనెక్కిన కశ్యపుడు కాళిదాసు అనే రాజయ్యాడు. మన ప్రాంతం నుంచి సిగిరియా చూసి వచ్చినవాళ్లకు ఆ మెట్లు, ఆ గోడ చిత్రాలు పేజీల్లో వెంటనే ఆనవాలు పడతాయి. స్వర్గాన్ని నేల మీదకు దించాలనుకున్న ఆ రాజు కథ పక్కనే, 22వ శతాబ్దంలో భూమి నుంచి భూస్థిర కక్ష్య (ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టు కనిపించే ఎత్తు) దాకా 36 వేల కిలోమీటర్ల లిఫ్టు కట్టాలనుకునే ఇంజినీరు వానెవర్ మోర్గన్ కథ నడుస్తుంది. దానికి పనికివచ్చే శిఖరం ఒక్కటే, దాని మీద బౌద్ధ విహారం ఉంది, భిక్షువులు కదలరు.

మోర్గన్ పూర్తి మనిషి. పేరు మీద ఆశ ఉంది, ఆ ఆశ తనలో ఉందన్న ఎరుకా ఉంది, గుండె జబ్బు ఉంది. చివరి భాగంలో కట్టడం మధ్యలో చిక్కుకుపోయిన శాస్త్రజ్ఞుడికీ విద్యార్థులకూ ఆక్సిజన్ అందించడానికి అతనొక్కడే చిన్న వాహనంలో పైకి బయల్దేరతాడు. ఖర్చయిపోయిన బ్యాటరీ ఊడిపడవలసిన చోట ఊడిపడక వేలాడుతూ ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ బరువు, శక్తి, దూరం లెక్కలే ఉంటాయి. ఆ లెక్కల మధ్యే అతని మీద మనకు బెంగ పుడుతుంది. క్లార్క్ రాసిన వాటిలో గుండె పట్టుకుని చదివించే ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్టార్‌గ్లైడర్ అనే గ్రహాంతర నౌక ప్రస్తావన వచ్చే అధ్యాయాలు వేరే నవల నుంచి తప్పిపోయి వచ్చినట్టుంటాయి, సుదూర భవిష్యత్తును చూపే ముగింపు కూడా అంతే. నిర్మాణం బిగువులో ‘రామా’ దీనికన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది. రెండూ సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండింటినీ గెలుచుకున్నాయి గనుక పురస్కారాలతో ఈ తగవు తేలదు.

భూస్థిర కక్ష్య ఈయన నవలల్లో ఊహగా మాత్రమే మిగిలిపోలేదు. ఆ కక్ష్యలో ఉపగ్రహాలను నిలిపి ప్రపంచమంతటికీ ప్రసారాలు చేయవచ్చని క్లార్క్ 1945 అక్టోబరులోనే ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో వివరంగా రాశాడు. 1975–76లో మన దేశంలో జరిగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు అందుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారాలు చూసేందుకు కొలంబోలోని క్లార్క్ ఇంట్లోనూ మన ఇంజినీర్లు ఒక డిష్ బిగించి వెళ్లారు.

ఇక ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ (1953). నగరాల మీద పెద్ద పెద్ద నౌకలు వచ్చి నిలుస్తాయి, వాటిలోని ఓవర్‌లార్డ్‌లనే గ్రహాంతరవాసులు యుద్ధాలు ఆపిస్తారు, కానీ తమ రూపం యాభై ఏళ్లదాకా చూపించరు. చూపించినప్పుడు ఎందుకు దాచారో తెలుస్తుంది. మొదటి మూడో వంతు అద్భుతం. ఆఖర్లో మానవజాతికి పట్టే గతి ఒకసారి చదివితే మరిచిపోయేది కాదు. నా ఫిర్యాదు మధ్య భాగం మీద. పిల్లలు తల్లిదండ్రులకు అందనంత దూరం జరిగిపోయే చోట ఆ తల్లిదండ్రులు మనకు ముందే దగ్గరై ఉండాలి. జార్జి, జీన్ దంపతులు అలా దగ్గర కాలేదు. మనుషులు పలచన కావడం నిజంగా నష్టం చేసిన నవల ఇదే. ఇందులో బాగా కుదిరిన పాత్ర ఓవర్‌లార్డ్ అయిన కారెలెన్ కావడం విడ్డూరం. దీన్ని మొదటి పీట మీద కూర్చోబెట్టే మిత్రులతో అందుకే నేను ఏకీభవించలేను.

‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) స్టాన్లీ కుబ్రిక్ సినిమాతో పాటే తయారైన నవల, సినిమా చూసి అర్థం కానివారికి విడమరిచి చెబుతుంది, అంతకు మించి ఆశించవద్దు. ‘ఎ ఫాల్ ఆఫ్ మూన్‌డస్ట్’ (1961) గురించి అభిమానులు తక్కువగా మాట్లాడతారు గానీ, ఉత్కంఠ కోరుకునేవారికి నేను ముందు దాన్నే చేతిలో పెడతాను. చంద్రుడి మీది ధూళి సముద్రంలో పర్యాటకుల పడవ ప్రయాణికులతో సహా మునిగిపోతుంది. అంత లోతు ధూళి చంద్రుడి మీద లేదని తర్వాత తేలిపోయినా, ఆ పడవలో వేడితోనూ గాలితోనూ పడే పాట్లు ఇప్పటికీ పాతబడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ‘రామా’తో ప్రారంభించాలి. వాక్యాలు తేలిక, 46 చిన్న చిన్న అధ్యాయాలు, ఇంగ్లిషు నవలలు అలవాటు లేనివారూ ఆగకుండా చదవగలరు. తర్వాత ‘ఫౌంటెన్స్’ చదవండి. వెనుక పేజీల్లో ఏది నిజం, ఏది కల్పన అన్నది రచయితే వివరించాడు, అయితే దాన్ని నవల పూర్తయ్యాకే తెరవడం మంచిది. ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అంతరిక్షంలోకి పోటీపడే అమెరికా, సోవియట్ రాకెట్లతో మొదలయ్యే అసలు ఆరంభం కాలానికి నిలవలేదని క్లార్క్ 1990లో తిరగరాశాడు. కొన్ని ముద్రణల్లో పాతది, కొన్నింటిలో కొత్తది, కొన్నింటిలో రెండూ ఉంటాయి. పాతది ఉన్న ప్రతినే తీసుకోండి. కథలో మిగతా ప్రపంచమంతా 1953 నాటిదే అయినప్పుడు మొదటి అధ్యాయం ఒక్కటే కొత్త శతాబ్దానిదైతే అతుకు తెలిసిపోతుంది.