ఏడేళ్లు వాడాక ఓబీడీ స్కానర్ గురించి నా మాట

ఏడేళ్ల కిందట మా కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. వర్క్‌షాపుకి తీసుకెళితే ఆక్సిజన్ సెన్సార్ పోయిందని చెప్పి మార్చారు. పది రోజులకి లైటు మళ్లీ వచ్చింది. ఈసారి ఫ్యూయల్ పంపు మార్చాలన్నారు. అది సెన్సార్ కంటే చాలా ఖరీదు. ఎస్టిమేట్ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, ఆ రాత్రే ఓబీడీ-2 స్కానర్ ఒకటి ఆర్డర్ పెట్టాను. కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పుల్ని కోడ్‌ల రూపంలో చదివి చూపించే పరికరం ఇది. అరచేతిలో ఇమిడే పెట్టె, దానికో చిన్న స్క్రీను, పొడవాటి వైరు. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి ఈ ఓబీడీ, అంటే కారు తన తప్పుల్ని తానే పట్టుకునే ఏర్పాటు, తప్పనిసరి. కాబట్టి మీ కారు మరీ పాతది కాకపోతే స్టీరింగు కింద, మోకాళ్లకి కాస్త పైన 16 పిన్నుల సాకెట్ ఉండే ఉంటుంది. వంగి ఒకసారి చూడండి.

నా కారులో గుచ్చి చూస్తే పి0171 అని వచ్చింది. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు అని దాని అర్థం. ఎందుకు చాలడం లేదో మాత్రం కోడ్ చెప్పదు. దానికి లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్లు చెప్పే అంకెలు చూడాలి. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది: లోటు పూడ్చడానికి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో చూపించే అంకె. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్, కొంతకాలంగా నిలిచిన సవరణ లాంగ్ టర్మ్. రెండూ కలిపితే ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, 22 శాతం. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచితే 5కి దిగింది.

నాకు తాళంచెవి దొరికింది అక్కడే. ఎక్కడో చిల్లు పడి గాలి దొంగదారిన లోపలికి పోతుంటే, ఐడ్లింగ్‌లో దాని ప్రభావం పెద్దగా కనిపిస్తుంది. ఇంజిన్ పీల్చే గాలే అప్పుడు కొంచెం కదా! వేగం పెరిగితే అసలు గాలి బోలెడు పోతుంది, చిల్లు లెక్కలోకి రాదు. పంపు బలహీనపడి ఉంటే ఇది తలకిందులయ్యేది: ఇంజిన్ మీద లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పైకి పోయేది. బానెట్ ఎత్తి చెవి పెడితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల భాగం) వెనక సన్నగా బుస్సుమంటోంది. జానెడు రబ్బరు గొట్టం, పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి వేలితో తడిమితే వంపు దగ్గర అడుగువైపు గోరు పట్టేంత పగులు. కొత్త గొట్టం వేశాను. ఫ్యూయల్ పంపు ఈ రోజుకీ పాతదే.

సొంతంగా రిపేరు చేసుకుంటే కూలి మిగులుతుందని అందరూ అంటారు. మిగులుతుంది. కానీ ఈ ఏడేళ్లూ నేను రాసుకున్న లెక్కల్లో ఆ మిగులు చిన్నదే. అక్కర్లేని పార్టులు కొనకుండా ఆగడం వల్ల మిగిలింది దానికి కొన్ని రెట్లు.

ఇంకోసారి కారు ఎత్తు ఎక్కుతుంటే కుదుపు మొదలైంది. కోడ్ పి0301, అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగా మండడం లేదన్నమాట. మొదటి సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌ని మూడో దానికి, మూడో దాన్ని మొదటి దానికి మార్చి, కోడ్ చెరిపి ఒక చుట్టు తిరిగొచ్చాను. ఈసారి పి0303. తప్పు కాయిల్‌తో పాటే కదిలింది కాబట్టి దోషం దానిదే. నాలుగూ మార్చే పని లేకుండా ఒక్కటి కొన్నాను.

స్కానర్‌కి పరిమితులు ఉన్నాయి. నాది ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదువుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే అది మూగది. బ్రేకు కీచుమన్నా, బేరింగు హోరుమన్నా దానికి తెలియదు. కోడ్‌ని తీర్పులా తీసుకుంటే మొదటికే మోసం. పి0420 రాగానే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్పించిన వాళ్లున్నారు. ఎగ్జాస్ట్‌లో లీకు ఉన్నా ఆ కోడ్ రావచ్చు, ముందు అది చూసుకోవాలి. తొందరపడి కోడ్ చెరపకండి. తప్పు పట్టుకున్న క్షణంలో వేగం, వేడి, లోడు ఎంతెంత ఉన్నాయో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతో పోతుంది. నేను ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను.

దీనికి తోడుగా రెండు వస్తువులు తప్పకుండా కొనండి. ఒకటి వోల్టేజి కొలిచే మల్టీమీటర్. రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే చాలా కార్లలో 14 చుట్టుపక్కల ఉండాలి. నడుస్తున్నప్పుడు కూడా 12.5 దాటకపోతే బ్యాటరీ మార్చే ముందు ఛార్జింగ్ సంగతి చూడాలి. రెండోది టార్క్ రెంచ్, బోల్టు కావలసినంత బిగియగానే టిక్‌మని చెప్పే పానా. ఇది లేకపోవడం వల్ల నాకు నష్టం జరిగింది. రెండో ఏడాది ఆయిల్ మారుస్తూ, కారుతుందేమోనన్న భయంతో పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టుని ఇంకో పావు చుట్టు బిగించాను. చేతికింద ఒక్కసారిగా మెత్తబడింది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం సంప్‌లో మరలు అరిగిపోయాయి. సంప్ మొత్తం మార్చాల్సి వచ్చింది. అంతవరకు ఆయిల్ మార్పుల్లో మిగిల్చిందంతా ఆ ఒక్క పావు చుట్టుకి పోయింది. అప్పటి నుంచి మాన్యువల్‌లో ఎంత బిగించాలో అంకె చూసి, రెంచ్ టిక్‌మనగానే చెయ్యి తీసేస్తాను.

కారు ఎత్తితే దాని బరువు మోసే జాక్ స్టాండ్లు కింద పెట్టాల్సిందే. ఒట్టి జాక్ మీద ఉన్న కారు కిందికి ఎంత చిన్న పనికైనా దూరకండి. ఎయిర్‌బ్యాగ్, ఏసీ గ్యాసు, టైమింగ్ బెల్టు నేను ముట్టుకోను. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తొడుగు ఉన్న వైర్లు హై వోల్టేజివి, వాటి జోలికి అసలు పోకూడదు. ఆ పనులు మెకానిక్‌వే, ఆయన అడిగిన డబ్బు సంతోషంగా ఇస్తాను.

కొనేవాళ్లు లైవ్ డేటా, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ చూపించేదే తీసుకోండి. వీలైతే ఏబీఎస్ కూడా చదివేది చూడండి, అది లేని లోటు నాకు రెండుసార్లు తెలిసొచ్చింది. కోడ్ మాత్రమే చూపించే చవకది వద్దు. నా దాని స్క్రీన్ మీద గీతలు పడ్డాయి. వైరు మెడ దగ్గర వదులై టేపు చుట్టాను. చదవడంలో మాత్రం ఇంతవరకు తేడా రాలేదు.