పెళ్ళిరోజు క్రూజ్: కరీబియన్ మేలా, హవాయి మేలా?

"అక్కా, వచ్చే ఏడాది మా పదో పెళ్ళిరోజు. క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. కరీబియన్ వెళ్ళమంటావా, హవాయి వెళ్ళమంటావా?"

ఈ ఆరు నెలల్లో నన్ను ఈ మాట అడిగినవాళ్ళు పదిమందికి తక్కువ ఉండరు. మా పదో పెళ్ళిరోజుకి మయామీ నుంచి తూర్పు కరీబియన్ వెళ్ళాం. మొన్న పదిహేనో పెళ్ళిరోజుకి హవాయి వెళ్ళొచ్చాం. రెండూ చూశాం కాబట్టి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పిల్లల్ని వాళ్ళ దగ్గర వదిలి, వారం రోజులు ఇద్దరే వెళ్దామనుకునేవాళ్ళ కోసం ఇది. పిల్లలతో వెళ్ళేవాళ్ళ లెక్క వేరు.

అందరూ ముందు ఓడ గురించే అడుగుతారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని రెస్టారెంట్లు, షోలు ఎలా ఉంటాయి అని. ఓడ సంగతే చూస్తే ఆలోచించడానికి ఏమీ లేదు, కరీబియన్‌దే పైచేయి. 2024లో మయామీ నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో 7,600 మంది దాకా పడతారు. హవాయి ద్వీపాల మధ్య ప్రతి వారం తిరిగే పెద్ద ఓడ ఒక్కటే, నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ప్రైడ్ ఆఫ్ అమెరికా. అది 2005 నాటిది, సుమారు 2,200 మందికి సరిపోయేది. అందులో పెద్ద పెద్ద హంగులు లేవు. హవాయిలో జూదం నిషేధం కాబట్టి క్యాసినో కూడా లేదు.

కానీ పెళ్ళిరోజుకి ఇద్దరే వెళ్తున్నప్పుడు చూసుకోవాల్సింది ఓడని కాదని నా నమ్మకం. ద్వీపం మీద మీకు ఎన్ని గంటలు దొరుకుతాయి, అందులో సాయంత్రాలు ఎన్ని? నేనైతే దీన్ని బట్టే తేల్చుకుంటాను.

మయామీ నుంచి తూర్పు కరీబియన్‌లోని సెయింట్ థామస్ ద్వీపం వెయ్యి మైళ్ళకు పైనే. సెయింట్ మార్టెన్ ఇంకా దూరం. అందుకే ఏడు రాత్రుల తూర్పు కరీబియన్ ట్రిప్పులో రెండు మూడు రోజులు సముద్రం మీదే గడిచిపోతాయి. మిగిలేవి మూడు నాలుగు పోర్ట్‌లు. చాలా చోట్ల ఓడ పొద్దున ఎనిమిదింటికి ఆగి, సాయంత్రం ఐదింటికి బయల్దేరుతుంది. అరగంట ముందే లోపల ఉండాలి. దిగే క్యూ, ఎక్కే క్యూ తీసేస్తే ఒక్కో ద్వీపం మీద ఏడు గంటలు దొరికితే గొప్ప. నాలుగు పోర్ట్‌లూ కలిపి వారం మొత్తానికి ముప్పై గంటల లోపే. మా ట్రిప్పులో గాలి ఎక్కువగా ఉందని ఒక పోర్ట్ దగ్గర అసలు దింపలేదు. ఉన్న గంటల్లో ఏడు అలా పోయాయి.

సెయింట్ థామస్‌లో మేగన్స్ బే అని ఒక బీచ్ ఉంది. నీళ్ళు గాజులా ఉంటాయి, అలలు పెద్దగా రావు, ఇసుక మెత్తగా ఉంటుంది. అక్కడ ఒడ్డున కూర్చుంటే, మూడింటికే మావారు ఫోన్‌లో టైమ్ చూడడం మొదలుపెట్టారు. టాక్సీ దొరుకుతుందో లేదో, ట్రాఫిక్ ఉంటుందేమో అని టెన్షన్. ఓడ ఎవరి కోసమూ ఆగదు కదా. ఆ రోజు సూర్యాస్తమయం పదకొండో అంతస్తులో రెయిలింగ్ పట్టుకుని చూశాం. బాగుంది, కాదనను. కానీ మేం చూడాలనుకున్నది ఆ బీచ్ మీద నుంచి.

హవాయిలో ద్వీపాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఓడ హోనొలులులో శనివారం సాయంత్రం బయల్దేరితే ఆదివారం పొద్దున్నే మావీలో కహులూయి చేరుతుంది. రాత్రి అక్కడే ఉండి సోమవారం సాయంత్రం కదులుతుంది. మంగళవారం బిగ్ ఐలాండ్‌లో హీలో, బుధవారం అదే ద్వీపంలో కోనా. గురువారం పొద్దున కావాయిలో నావిలివిలి చేరి, రాత్రి అక్కడే ఉండి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరుతుంది. ఆ సాయంత్రం కావాయిలోని ‘నా పాలి’ అనే తీరం పక్కగా నెమ్మదిగా తీసుకెళ్తారు. శనివారం పొద్దున మళ్ళీ హోనొలులు. మధ్యలో ఊరికే సముద్రం మీద గడిపే రోజు ఒక్కటీ లేదు. ఒక్క మావీలోనే ఓడ ముప్పై గంటలకు పైగా ఉంటుంది. మా కరీబియన్ ట్రిప్పు మొత్తంలో మేం నేల మీద ఉన్నదానికన్నా అదే ఎక్కువ.

హవాయిలో ఎక్కువ ఓడలు ఎందుకు తిరగవని చాలామంది అడుగుతారు. 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండాతో (అంటే వేరే దేశంలో రిజిస్టరై) నడిచే ఓడ అమెరికా పోర్ట్‌ల మధ్యే తిప్పి ప్రయాణికుల్ని దించకూడదు, మధ్యలో వేరే దేశం తాకి రావాలి. పెద్ద క్రూజ్ ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావే. ప్రైడ్ ఆఫ్ అమెరికా ఒక్కటే అమెరికా జెండాతో నడుస్తోంది. కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్ళే మిగతా ఓడలు పదిహేను రోజులు తీసుకుంటాయి. వెళ్ళడానికి నాలుగైదు రోజులు, రావడానికి అన్ని రోజులూ సముద్రమే, దారిలో మెక్సికోలో ఎన్సెనాడా దగ్గర ఆగడం. అంత సెలవు ఎవరికి దొరుకుతుంది?

రాత్రి ద్వీపం దగ్గరే ఉండడం వల్ల వచ్చే తేడా ఏమిటో మావీలోనే తెలిసింది. కారు అద్దెకు తీసుకుని కిహేయి వైపు వెళ్ళాం. సూర్యుడు మునిగాక కూడా ఒడ్డున కూర్చున్నాం. ఎవరూ వాచీ చూసుకోలేదు. చీకటి పడ్డాక తిని, పదింటికి తీరిగ్గా ఓడకి వచ్చి పడుకున్నాం. మళ్ళీ తెల్లవారుజామున రెండున్నరకి లేచి హాలెయకలా కొండ ఎక్కాం. 10,023 అడుగుల ఎత్తు, కారులోనే గంటన్నర ప్రయాణం, అన్నీ మలుపులే. పైన చలి వణికించేస్తుంది, స్వెటర్లూ శాలువాలూ తప్పనిసరి. మేఘాలు మన కాళ్ళకి కింద ఉంటాయి. వాటిలోంచి సూర్యుడు పైకి వస్తుంటే పక్కనున్నవాళ్ళంతా నిశ్శబ్దమైపోయారు. మావారు ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకున్నారు. పదిహేనేళ్ళలో మాకు దొరికిన మంచి పొద్దుల్లో అదొకటి. సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోయే ఓడలో వస్తే ఇది కుదరదు.

మా పెళ్ళిరోజు గురువారం పడింది. ఆ రోజుకి కావాయిలో ఉన్నాం. పెళ్ళిరోజు పొద్దున్నే గుడికి వెళ్ళడం మాకు మొదటినుంచీ అలవాటు. కావాయిలో 1970లో మొదలైన శైవ మఠం ఉంది, పోర్ట్ నుంచి కారులో అరగంట లోపే. అక్కడి ఇరైవన్ కోవెలని బెంగళూరు దగ్గర శిల్పులు చేత్తో చెక్కిన గ్రానైట్ రాళ్ళు ఓడల్లో తెచ్చి కట్టారు. 2023లో కుంభాభిషేకం జరిగింది. లోపల స్ఫటిక లింగం. చుట్టూ పచ్చటి అడవి, కింద వైలువా నది. సందర్శకుల్ని పొద్దున కొన్ని గంటలే రానిస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి. పసిఫిక్ మధ్యలో శివుడి గుడిలో కూర్చుని పెళ్ళిరోజు జరుపుకుంటామని మేం అనుకోలేదు.

హీలో నుంచి వోల్కనోస్ నేషనల్ పార్క్ ముప్పై మైళ్ళు. కీలౌవేయా అగ్నిపర్వతం 2024 డిసెంబరు 23న మళ్ళీ మొదలై, ఆ తర్వాత విడతలు విడతలుగా లావా ఎగజిమ్ముతూ వచ్చింది. మేం వెళ్ళిన రోజు పొగ మాత్రమే కనిపించింది. కోనాలో ఓడ లోతు నీళ్ళలోనే ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు, గాలి ఉంటే ఆ పోర్ట్ రద్దవచ్చు. కోనాలో రాత్రిపూట మాంటా రే అనే పెద్ద చేపలతో ఈత చాలా పేరున్నది, కానీ ఓడ సాయంత్రమే బయల్దేరుతుంది కాబట్టి దానిమీద ఆశ వద్దు.

ఇక వీసా సంగతి. మనలో చాలామందికి దీన్నిబట్టే నిర్ణయం అయిపోతుంది. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉండి, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటినవాళ్ళు కరీబియన్ ద్వీపాలకి వెళ్తే తిరిగి రావడం కష్టం. గడువు దాటిన స్టాంప్‌తో ముప్పై రోజుల లోపు తిరిగొచ్చే సౌకర్యం ఒకటి ఉంది, కానీ హెచ్1బీ వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. పక్క ద్వీపాలకి కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాలవాళ్ళకే. బహామాస్‌లో ఒక్క పూట దిగినా విదేశం వెళ్ళినట్టే లెక్క. స్టాంప్ బాగానే ఉన్నా, తిరిగొచ్చాక కొత్త ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తప్పకుండా చూసుకోండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే దాన్నిబట్టి ఐ-94 తేదీ కూడా కుదించేస్తారు. పైగా ఏ ద్వీపానికి ఏ వీసా కావాలో ద్వీపానికో రూలు. అనుమానం ఉంటే టికెట్ కొనకముందే లాయర్‌ని అడగండి. హవాయి ట్రిప్పులో అమెరికా దాటరు కాబట్టి ఈ గొడవే లేదు. స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ల కోసం ఎదురుచూస్తూ ఎక్కడికీ కదలలేని దంపతులకి నేను వేరే ఆలోచన లేకుండా హవాయే చెప్తాను.

తిండి విషయంలో కరీబియన్ ఓడలే నయం. వాటిలో మన ఇండియన్ సిబ్బంది చాలామంది ఉంటారు. డైనింగ్ రూమ్‌లో ముందురోజు రాత్రి చెప్తే మర్నాటికి పప్పు, కూర, రోటీ పెట్టేవాళ్ళు. ప్రైడ్ ఆఫ్ అమెరికాలో చట్టం ప్రకారం ఎక్కువమంది అమెరికా వాళ్ళే పనిచేస్తారు, ఆ ఆదరణ అక్కడ దొరకలేదు. శాకాహారులు సీల్ చేసిన కందిపొడి ప్యాకెట్లు పట్టుకెళ్ళండి. మధ్యాహ్నం భోజనాలు ద్వీపం మీద చూసుకోవచ్చు. మావీలో రోడ్డు పక్కన కొన్న మామిడిపళ్ళు, అరటిపండు బ్రెడ్ ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఖర్చులో హవాయి బరువే. డాలస్ నుంచి హోనొలులుకి ఎనిమిది గంటల విమానం, టికెట్లు ఖరీదు. పోర్ట్‌లలో కార్ల అద్దె అదనం. రెండు రోజులు ముందే వెళ్ళకపోతే విమానం ఆలస్యమైందంటే ఓడ తప్పిపోతుంది, కాబట్టి హోటల్ కూడా లెక్కలో వేసుకోండి. అదీ కాక, చెయ్యాల్సిన పనులేమీ లేకుండా, బాల్కనీలో కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ నిద్రపోవాలని ఉంటే కరీబియన్ సీ డేస్ (ఓడ ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజులు) మీకే. ఏడాదంతా అలసిపోయినవాళ్ళకి అది చిన్న విషయం కాదు. హవాయిలో ప్రతి పొద్దునా లేచి కారు నడపాలి.

మీ పెళ్ళి ఏ మాసంలో అయిందో కూడా చూడండి. శ్రావణంలో పెళ్ళైనవాళ్ళ పెళ్ళిరోజు ఆగస్టులో వస్తుంది. కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉధృతం. ఓడ తుఫాను తప్పించుకుంటుంది, కానీ మీరు అనుకున్న ద్వీపాలు మారిపోతాయి. హవాయికీ అదే కాలం ఉంది, 1992లో ఇనీకీ తుఫాను కావాయిని దెబ్బతీసింది, అయినా నేరుగా తగలడం అరుదు. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్ళైనవాళ్ళు అదృష్టవంతులు. ఫిబ్రవరి, మార్చిలో మావీ చుట్టూ తిమింగలాలు పిల్లలతో తిరుగుతుంటాయి. ఓడ మీది నుంచే కనిపిస్తాయి. ఆ నెలల్లో ఉత్తర తీరాల్లో అలలు పెద్దవి, ఈతకి దిగకండి.

మిగతావి క్లుప్తంగా. టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి కొజుమెల్, రొవాటాన్ ద్వీపాలకి వెళ్ళే పశ్చిమ కరీబియన్ డాలస్, హ్యూస్టన్ వాళ్ళకి చవక, విమానం అక్కర్లేదు. మొదటిసారి క్రూజ్ ఎలా ఉంటుందో చూడ్డానికి చాలు. మూడు రాత్రుల బహామాస్ పెళ్ళిరోజుకి చాలదు. పోర్టోరికోలోని శాన్ హువాన్ నుంచి మొదలయ్యే దక్షిణ కరీబియన్ మాత్రం మంచిది, బార్బడోస్, సెయింట్ లూషియా లాంటివి దాదాపు రోజుకొకటి వస్తాయి. కరీబియనే కావాలంటే నా ఓటు దానికే. తహీతీ ఖర్చు ఎక్కువ, మేం ఇరవై ఐదో పెళ్ళిరోజుకి దాచుకున్నాం.

హవాయి అని తేల్చుకున్నవాళ్ళకి ఒక్క మాట. హాలెయకలా సూర్యోదయానికి రిజర్వేషన్ లేకపోతే పైకి పంపరు. మీరు మావీలో ఉండే సోమవారానికి సరిగ్గా అరవై రోజుల ముందు, హవాయి సమయం ఉదయం ఏడింటికి రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో తెరుస్తారు. డాలస్‌లో అప్పుడు వేసవైతే మధ్యాహ్నం పన్నెండు, చలికాలమైతే పదకొండు. ఆ పూట ఏ మీటింగూ పెట్టుకోకండి. కహులూయిలో కారు ఆదివారం పొద్దున తీసుకుని సోమవారం సాయంత్రం ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి.