జాగ్రత్త: "ప్రతి బోల్టూ చేత్తోనే" అనే ఆ మినియేచర్ వర్క్‌షాప్ సామాను కొనేముందు ఇది చదవండి

కోపంలో రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదవండి.

గ్యారేజ్ డయోరమాలు (చిన్న సైజు దృశ్య నమూనాలు) చేసేవాళ్లకి ఈ మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు. లేత్ మిషన్ రీల్ చూశారుగా? తెల్ల ప్లాస్టిక్ షీటు మీద కత్తితో గీతలు గీస్తూ, వెనకాల వీణ సంగీతం పెట్టి, "ప్రతి బోల్టూ చేత్తోనే" అని కింద రాసుకుంటాడే, ఆయనే. పేరు రాస్తే పరువు నష్టం దావా వేస్తానని ముందే బెదిరించాడు కాబట్టి రాయడం లేదు. పోయిన పరువు ఎవరిదో చదివాక మీరే తేల్చుకోండి.

సంగతి క్లుప్తంగా. బెజవాడ ఆటోనగర్‌లో ఉండే పాతకాలం మెకానిక్ షెడ్డు ఒకటి 1/24 స్కేలులో, అంటే అసలు సైజులో ఇరవై నాలుగో వంతుకి, చేస్తున్నా. షెడ్డు మొత్తం నా పనే. లోపల పెట్టే సామాను దగ్గరే ఆగింది. లేత్, పిల్లర్ డ్రిల్లు, బెంచ్ వైస్, కంప్రెసర్, మూడు కాళ్ల స్టాండుకి వేలాడే చైన్ బ్లాకు, గ్యాస్ వెల్డింగ్ సిలిండర్ల జత, ఆయిల్ డ్రమ్ములు. చేయడం రాక కాదు, దగ్గరి చూపు తగ్గాక అర మిల్లీమీటరు రాడ్డు పట్టకారుతో పట్టుకుంటే అది ఎటు ఎగిరిపోతుందో కనబడదు. అందుకని ఇతనికి అప్పజెప్పా. మొత్తం 12,500. సగం ముందు, మిగతా సగం పార్సిల్ వేసేముందు, రెండూ అతని సొంత నంబరుకే యూపీఐ. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేంటన్నా" అన్నాడు. కరెక్టే, దోపిడీకి రసీదు ఎవరిస్తారు!

పడిపోయింది ఎక్కడో చెప్తా. ఫోన్‌లో అతని మాటలు వింటే మీరూ పడతారు. లేత్ లీడ్ స్క్రూకి (పొడవాటి మరల కడ్డీకి) గిటారు తీగ వాడతానన్నాడు, చుట్టు తీగ కాబట్టి మరలు ఉన్నట్టే కనబడుతుందని. చక్ (పని ముక్కని పట్టి తిప్పే భాగం) ఇత్తడి రాడ్డు నుంచి. డ్రిల్లు హ్యాండిల్‌కి ఇన్సులిన్ సూది. చైన్ బ్లాకుకి కంసాలి దగ్గర దొరికే అతి సన్న గొలుసు. గ్యాస్ పైపులకి సోల్డర్ తీగ, ఎలా వంచితే అలా ఉండిపోతుంది కాబట్టి. ఇవేవీ నాకు కొత్త కాదు, స్క్రాచ్ బిల్డ్, అంటే ముడి సరుకు నుంచి అంతా చేత్తోనే, చేసేవాళ్లందరికీ తెలిసినవే. కానీ అవతలివాడు కూడా అదే భాష మాట్లాడుతుంటే ప్రాణం లేచొస్తుంది కదా. పైగా ప్రతి వాక్యానికీ "అన్నా". నా తోడబుట్టినవాళ్లు కూడా అన్నిసార్లు పిలవలేదు.

కొలతల కోసమని నా షెడ్డు ఫోటోలు అడిగాడు. అన్ని వైపుల నుంచీ తీసి, పెద్ద సైజువి పంపా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

పార్సిల్ వచ్చింది. విప్పగానే వాసన. రెసిన్ ప్రింటర్ (ద్రవ ప్లాస్టిక్‌ని లైటుతో పొరలు పొరలుగా గట్టిపరిచే త్రీడీ ప్రింటర్) ఉన్నవాళ్లకి ఆ వాసన తెలుసు, సరిగా కడగకుండా, యూవీ లైటు కింద సరిగా ఆరబెట్టకుండా వదిలేసిన రెసిన్ అది. ముట్టుకుంటే వేళ్లకి జిగురు. లేత్ బెడ్ మధ్యలో అరటికాయలా వంగి ఉంది. గిటారు తీగ ఏదయ్యా అని చూస్తే, లీడ్ స్క్రూ బెడ్‌కే అతుక్కుపోయి, సగం గుండ్రం, సగం ముద్ద, అదీ రెసినే. టెయిల్‌స్టాక్ (లేత్ చివరి భాగం) చక్రం విరిగి సంచిలో పడి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే పెయింటు కింద పొరల గీతలు వరసగా. లేత్ తిరగేస్తే అడుగున సపోర్టులు (ప్రింట్ చేసేటప్పుడు ఊతంగా పెట్టే పుల్లలు) తుంచిన మొటిమలు, వాటి మధ్యలో ఉబ్బెత్తుగా ఎవరో డిజైనరు గుర్తు. తన త్రీడీ డిజైన్ ఫైలు అని తెలియడానికి ఆ డిజైనరు వేసుకున్న ముద్ర. ఈ మహానుభావుడు దాన్ని గీకే ఓపిక కూడా చూపించలేదు. ఆ రీల్‌లో కనబడే చేతులు ఎవరివో అని నాకిప్పుడు అనుమానం.

త్రీడీ ప్రింట్ అంటే నాకు చులకన లేదు, అది వేరే విద్య. డిజైనరుకి డబ్బిచ్చి, శుభ్రంగా ప్రింట్ తీసి, ప్రింట్ అని చెప్పి అమ్మితే నేనే కొంటా. స్క్రాచ్ బిల్డ్ రేటు తీసుకుని ప్రింట్ అంటగట్టడం దొంగతనం.

స్కేలు సంగతి ఇంకా బావుంది. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము అసలు ఎత్తు సుమారు 88 సెంటీమీటర్లు. 1/24లో 37 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ రావాలి. వచ్చినవి 49. అంటే 1/18కి తీసిన ఫైలు, తగ్గించకుండా అలాగే ప్రింట్ కొట్టేశాడు. నా మెకానిక్ బొమ్మ ఏడు సెంటీమీటర్లు, డ్రమ్ము పక్కన నిలబెడితే ఒకటో తరగతి పిల్లాడు నీళ్ల ట్యాంకు పక్కన నించున్నట్టుంది. బెంచ్ వైస్ ఏ స్కేలో దేవుడికే తెలియాలి, దాని దవడల మధ్య మా మెకానిక్ తల పడుతుంది.

సిలిండర్లు చూసి మాత్రం నవ్వొచ్చింది. మన దగ్గర వెల్డింగ్ షాపు ముందు నుంచి నడిచిన ఎవరికైనా తెలుసు, ఆక్సిజన్ సిలిండరు నలుపు, అసిటిలీన్‌ది మెరూన్. ఇతను ఆక్సిజన్‌కి ఆకుపచ్చ కొట్టి పంపాడు. ఆకుపచ్చ అమెరికా అలవాటు. ఫైలుతో పాటు వచ్చిన బొమ్మ చూసి రంగులేసినట్టున్నాడు. బయటికెళ్లి ఒక్క షాపు చూసొచ్చినా సరిపోయేది. రెండు సిలిండర్లూ ఒకే ఎత్తు, ఒకే లావు. అసిటిలీన్‌ది పొట్టిగా, లావుగా ఉంటుందన్న ఊసే లేదు.

ఇక కంప్రెసర్. చూడ్డానికి అదొక్కటే కాస్త బావుందనిపించి షెడ్డులో ఒక మూల పెట్టా. తెల్లారేసరికి ట్యాంకు చీలి, లోపల మిగిలిపోయిన పచ్చి రెసిన్ కారి, నేను ప్లాస్టర్ పోసి, పగుళ్లు గీసి, ఆయిల్ మరకలు ఒక్కొక్కటిగా అద్దిన నేల మీద పాకింది. బోలుగా ప్రింట్ చేసినప్పుడు రెసిన్ కారిపోవడానికి అడుగున రంధ్రం వదలాలి, లోపల కడగాలి. వదల్లేదు, కడగలేదు. ఆ మూల నేల మొత్తం తవ్వి తీసేయాల్సి వచ్చింది.

ఫోన్ చేశా. ఎత్తలేదు. ఫోటోలు పంపా. రెండు నీలం టిక్కులు, సమాధానం లేదు. రాత్రి తనే చేశాడు. ఈసారి "అన్నా" లేదు, "చెప్పండి సార్". స్క్రాచ్ బిల్డ్ అన్నావు కదా అంటే, "ప్రింటర్‌లో పెట్టి తీసేది నా చెయ్యే కదా సార్" అన్నాడు. ఈ తెలివికి మాత్రం దండం పెట్టాల్సిందే. స్కేలు తప్పింది అంటే "దూరం నుంచి చూస్తే తెలియదు". డబ్బు వాపసు అంటే ముందు నవ్వాడు. తర్వాత అన్న మాట అన్నది అన్నట్టు రాస్తున్నా: "ఈ వయసులో బొమ్మలాటలేంటి సార్, మీ ఇంట్లోవాళ్లు ఏమీ అనరా?" వెనకాల ఇంకెవరో కిసుక్కున నవ్వడం వినబడింది. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట. నేను ఏదో అనేలోపే పెట్టేశాడు, ఆ వెంటనే బ్లాక్.

నీ తిండి ఈ బొమ్మలాట మీదే నడుస్తోంది కదరా అని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టి ఏం లాభం.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. పోనీలే అనుకుని ఊరుకునేవాణ్ణి. నిన్న ఒక మిత్రుడు స్క్రీన్‌షాట్ పంపి, "ఇది మీ షెడ్డేనా?" అని అడిగాడు. నా షెడ్డే. అతని పేజీలో. "కస్టమర్ కోసం చేసిన పూర్తి ఆటోనగర్ షెడ్డు, ఇలాంటివి ఆర్డర్ మీద చేయబడును, ధరకి డీఎం చేయండి." నేను కొలతల కోసం పంపిన ఫోటోలే. ఒక మూల కోసేసి, కొంచెం పసుపు రంగు ఫిల్టరు పూశాడు.

నీదేనని ఏంటి నమ్మకం అంటారేమో. ఆ పైకప్పు రేకులు నేను వంటింటి అల్యూమినియం ట్రేలు కోసి, గీతల అచ్చు మీద రుద్ది చేసినవి. తుప్పు తిన్న చిల్లుల కోసం వాటిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచా, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు రాగిని కరిగించడానికి వాడేదే. అల్యూమినియం పడగానే బుసబుసా పొంగి, వేడెక్కి, పొగ వస్తుంది. క్షణం ఆలస్యమైతే రేకే ఉండదు. ఒక రేకు ఆలస్యంగా తీశా, అంచు నుంచి మధ్య దాకా చీలిక పడింది. పారేయబోయి, బావుందనిపించి, దానికి టైరు ముక్క అతికించి, పైన చిన్న రాయి పెట్టా, మన షెడ్ల మీద గాలికి లేవకుండా పెడతారే, అలా. ఆ చీలిక, ఆ టైరు ముక్క, ఆ రాయి, ఫోటోలో అన్నీ ఉన్నాయి. గోడ మీద నేను రాసిన "అప్పు రేపు" కూడా ఉంది, లావు కుంచెతో రాయడం వల్ల "రే" దగ్గర రంగు కొంచెం కారింది, అదీ ఉంది. కింద నలుగురైదుగురు "సూపర్ బ్రో", "ఎంత పడుతుంది?" అని అడుగుతున్నారు. "టోకెన్ అడ్వాన్స్ పంపండి, స్లాటు బుక్ చేస్తా" అని సమాధానాలిస్తున్నాడు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. మోసపోయినవాడి పనినే ఎరగా పెట్టి ఇంకొకణ్ణి మోసం చేయడం ఏ రకం నీచమో నాకు అంతుబట్టడం లేదు. బొమ్మలాట అన్నావు కదరా, మరి ఆ బొమ్మ ఫోటో నీకెందుకు? కిందకెళ్లి కామెంట్ పెడదామంటే నన్ను బ్లాక్ చేశాడు. మిత్రుడు పెట్టాడు. నిమిషాల్లో తీసేశాడు, మిత్రుణ్ణీ బ్లాక్ చేశాడు.

కొనేవాళ్లకి రెండు మాటలు. పెయింటు వేయకముందు ఫోటో అడగండి. నిజంగా స్క్రాచ్ బిల్డ్ అయితే తెల్ల స్టైరీన్ ప్లాస్టిక్ షీటు, పసుపు ఇత్తడి, జిగురు మరకలు, అతుకులు, రకరకాల రంగులు కనబడతాయి. అంతా ఒకటే బూడిద రంగులో నున్నగా ఉంటే ప్రింటే. వీడియో కాల్‌లో వస్తువు పక్కన స్కేలు బద్ద పెట్టమనండి, రికార్డు చేసింది వద్దు. మీ పని ఫోటోలు పంపాల్సి వస్తే అడ్డంగా మీ పేరు వేసి పంపండి, నేను అదే చేయలేదు. జిగటగా ఉన్న రెసిన్ వస్తే చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, చర్మానికి పడదు, పిల్లలకి అందనివ్వద్దు.

నేను యూపీఐ వివరాలు, ఆ స్క్రీన్‌షాట్లు పెట్టి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930లో, జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో రెండిట్లోనూ ఫిర్యాదు ఇచ్చా. చీలిన రేకు మీద టైరు ముక్క, రాయి ఉన్న షెడ్డు చూపించి ఎవరైనా మీ దగ్గర అడ్వాన్స్ అడిగితే పంపకండి. ఇప్పటికే పంపేసినవాళ్లుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతా దాటకుండా ఆపే అవకాశం ఉంటుంది. నాకూ మెసేజ్ పెట్టండి, ఒరిజినల్ ఫోటోలు తేదీలతో సహా నా ఫోన్‌లో ఉన్నాయి, మీ ఫిర్యాదుకి జత చేసుకోవచ్చు.