విశాఖ ఎత్తుపల్లాల్లో హైబ్రిడ్ సైకిల్: నాలుగేళ్ల వాడకం తర్వాత

విశాఖలో సైకిల్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది షాక్ అబ్జార్బరూ కాదు, డిస్క్ బ్రేకూ కాదు. ఎత్తు ఎక్కడానికి సరిపడా తేలిక గేరు ఉందా, ఫ్రేమ్ మన కాళ్ల పొడవుకి సరిపోతుందా, ఈ రెండే. ఆఫీసుకీ, కూరగాయలకీ, ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డుకీ నాలుగేళ్లుగా నాది ఒకటే సైకిల్, హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ కొండదారి సైకిల్‌కీ మధ్య రకం. అల్యూమినియం ఫ్రేమ్, షాక్ లేని ముందు ఫోర్క్, 700×35 (35 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు, వి-బ్రేకులు (రిమ్‌ని రెండు వైపులా రబ్బర్లతో పట్టేవి), 21 గేర్లు. 2021లో 18 వేలకి కొన్నాను. ఈ డబ్బుకి ఇంతకంటే బాగా పనికొచ్చిన వస్తువు మా ఇంట్లో లేదు.

షాపులో "21 గేర్లు సార్" అని ఆపేస్తారు. మనం లెక్కపెట్టాల్సింది పళ్లు. దీనికి పెడల్ దగ్గర చిన్న చక్రానికి 28 పళ్లు, వెనక పెద్ద చక్రానికీ 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే టైరూ ఒక చుట్టే తిరుగుతుంది, బండి రెండు మీటర్ల పైచిలుకు కదులుతుంది. గేర్లు లేని పాత నల్ల సైకిల్‌కి ముందు 44, వెనక 18 పళ్లు ఉన్నాయనుకోండి, ఒక్క తొక్కుడుకి ఐదు మీటర్లు దాటాలి. చదును రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం ఎక్కేటప్పుడు మాత్రం మోకాళ్లు మొరాయిస్తాయి. ఆఫీసు బట్టల్లో కూడా నేను దిగి నెట్టకుండా ఆ ఎత్తు ఎక్కుతున్నానంటే ఈ 28-28 పుణ్యమే.

ఇక సైజు. ఉన్న స్టాకు అమ్ముకోవడానికి "సీటు దించితే సరిపోతుంది" అంటారు, నమ్మకండి. సీటు దిగుతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు. రోజూ వంగి అందుకుంటూ ఉంటే మెడ, నడుము పట్టేస్తాయి. ఫ్రేమ్ పై గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే ఒక అంగుళమైనా ఖాళీ మిగలాలి. సీటెక్కి, కిందికొచ్చిన పెడల్ మీద మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా రావాలి. ఈ రెండూ షాపులోనే చూసుకోవచ్చు.

సముద్రపు గాలి సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్రేమ్‌కి తుప్పు రాలేదు. బోల్టులకీ, చక్రాల పుల్లలకీ, బ్రేకు కేబుళ్లకీ వచ్చింది. కేబుళ్లు మార్చాల్సి వచ్చింది. సీటు రాడ్డు అప్పుడప్పుడూ బయటికి తీసి గ్రీజు రాయకపోతే గొట్టంలో బిగుసుకుపోతుంది, తర్వాత సుత్తికి కూడా కదలదు. బీచ్ రోడ్డు వెళ్లొచ్చాక చైన్ పొడిగుడ్డతో తుడిచి నూనె చుక్కలు వేస్తాను. చైన్ సాగిందో లేదో స్కేలుతో తెలుస్తుంది: 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చేయాలి. లేదంటే వెనక పళ్లు కూడా అరిగి ఖర్చు రెట్టింపవుతుంది.

మా తమ్ముడి సైకిల్‌కి ముందు షాకులున్నాయి. ఉప్పుగాలికి లోపలి రాడ్లు పట్టేసి ఇప్పుడు అవి కదలవు, బరువు మాత్రం మిగిలింది. కదిలిన రోజుల్లోనూ నిలబడి ఎత్తు తొక్కితే కొంత బలం షాకులే మింగేవి. గతుకులకి నా మందు టైర్లో గాలి. నా 70 కిలోలకి వెనక 55, ముందు 50 పీఎస్‌ఐ పెడతాను, చాలావరకు కుదుపు తెలియదు.

వి-బ్రేకులకి ఒక లోపం ఉంది. వానలో రిమ్ తడిస్తే మొదట కాసేపు పట్టవు. దిగుడులో ముందునుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. ఎండలో ఏ ఇబ్బందీ లేదు, రబ్బర్లు ఇంట్లోనే మార్చుకుంటున్నాను.

ట్యూబుల గురించి ఒక హెచ్చరిక. నా సైకిల్‌కున్న 700 సైజు (700సి అంటారు) టైరూ, పాత సైకిల్ 28 అంగుళాల టైరూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది 622 మిల్లీమీటర్ల రిమ్‌కి, రెండోది 635కి, కాబట్టి ఆ టైరు దీనికి పనికిరాదు. పంక్చర్ షాపులన్నిటిలో 700సి ట్యూబు దొరకదు, ఒకటి బ్యాగులో ఉంచుకోవాలి. మోటార్‌సైకిల్ రకం వాల్వ్ ఉన్నదే కొంటే ఎక్కడైనా గాలి కొట్టించుకోవచ్చు.

మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్ విడిగా కొనాల్సి వచ్చింది. క్యారియర్ బిగించడానికి ఫ్రేమ్‌కి రంధ్రాలున్నాయో లేదో ముందే చూడండి. నేను దాని మీద వారానికి సరిపడా కూరగాయలు తెస్తాను, అంతవరకే. గోదావరి జిల్లాల్లోలా చదును దారిలో గడ్డిమోపో, బియ్యం బస్తానో వేసుకెళ్లేవాళ్లకి డబుల్ స్టాండున్న నల్ల సైకిలే కొనమంటాను.